గడప కింది మూట

దిల్‌సుఖ్‌నగర్ గల్లీల్లో రోడ్డు వేసిన ప్రతిసారీ ఇళ్లు ఒక మెట్టు కిందికి దిగుతాయి. పాత తారు తవ్వరు, దాని మీదే కొత్తది పోస్తారు. ఒకప్పుడు బాలనర్సయ్య ఇంట్లోకి మెట్లెక్కి పోవాల్సి వచ్చేది. ఇప్పుడు రోడ్డు మీది నీళ్లే పిలవని పేరంటానికి వచ్చినట్టు లోపలికి వస్తున్నాయి. పోయిన వానాకాలం ఆయన మంచం కింద చెప్పులు తేలాయి. ఎల్బీనగర్‌లో చీరల దుకాణం నడిపే కొడుకు ఉపేందర్ ఇక లాభం లేదనుకుని, గడప లేపి, నేల ఎత్తు చేసి, పనిలో పనిగా పైన ఒక అంతస్తు వేద్దామన్నాడు.

అంతవరకు బాగానే ఉంది. చూడటానికొచ్చిన ఇంజనీరు గోడ మీద వేళ్లతో తట్టి, ఇల్లు ఎప్పటిదని అడిగాడు. వయసు తెలిస్తేగాని పై బరువు ఆపుతుందో లేదో చెప్పలేనన్నాడు.

"మా అవ్వ పోయిన మరుసటేడుది," అన్నాడు బాలనర్సయ్య.

ఇంజనీరు ఏం రాసుకోవాలో తెలియక నిలబడ్డాడు. లలితమ్మకు మాత్రం అది పాత పాటే. తను కాపురానికొచ్చిన నాటినుంచి ఇంటి వయసు ఎవరడిగినా భర్త చెప్పే జవాబు అదొక్కటే. ఇంకో ప్రశ్న అడుగుదామంటే ఆయన అక్కడ ఉండడు.

అవ్వ అంటే ఆయన తల్లి ఈరమ్మ. పోచంపల్లి పక్క పల్లెలో చిటికి కట్టేది. నూలులో రంగు అంటకూడని చోటల్లా, సన్నగా కోసిన సైకిల్ ట్యూబు రబ్బరు బిగించి కట్టడమే చిటికి. ఎడమచేతి వాటం మనిషి కాబట్టి ఆమె ముడి అందరి ముడికీ అడ్డంగా తిరిగేది. సిటీలో సొంత గడప ఉండాలన్నది ఆమె కోరిక. ఆ కోరిక కోసమే కుర్రాడైన బాలనర్సయ్య భివండి మరమగ్గాల మీదికి పోయాడు. తను నేసిన మొదటి తానులోంచి ఎర్ర అంచున్న తెల్ల నైలాన్ గుడ్డ ముక్క ఒకటి, ఊరికి పోతున్న తోటి పనివాడు తిరుపతి చేత తల్లికి పంపాడు. అందిందో లేదో తెలియలేదు. తెలిసేలోపే ఆమె పోయిన కబురు వచ్చింది. అదీ మట్టి చేసేశాక.

మరుసటేడు తిరిగొచ్చేసరికి ఇక్కడ ఇల్లు నిలబడి ఉంది. తండ్రి అసలే మాట పొదుపు మనిషి. భార్య పోయాక ఆమె పేరెత్తితే లేచి వెళ్లిపోయేవాడు. ఇల్లు ఎప్పుడు మొదలుపెట్టారని కొడుకు అడగలేదు, తండ్రి చెప్పలేదు. అవ్వ పోయాకే మొదలై ఉంటుందని కొడుకు అనుకున్నాడు. ఆ అనుకోవడమే ఇంటి వయసైపోయింది.

అవ్వ చూడని ఇల్లు, అవ్వ దాటని గడప. బాలనర్సయ్య అలా అనుకుంటూనే ఇన్నేళ్లూ దాన్ని దాటాడు. పండుగనాడు లలితమ్మ గడపకు పసుపు రాసి బొట్లు పెడుతుంటే పెరట్లోకి పోయేవాడు. కాలమే అన్నీ మరిపిస్తుందంటారు. అనేవాళ్లదేం పోయింది, అంటారు.

గడప లేపే రోజు లలితమ్మ కొబ్బరికాయ కొట్టింది. మేస్త్రీ సైదులు గునపం వేశాడు. టేకు గడప కిర్రుమంటూ లేచింది. కింద మూత పెట్టిన ఇత్తడి చెంబు. గడప నిలిపేనాడు నవధాన్యాలు, కాస్త చిల్లర ఇంటి ఇల్లాలు అక్కడే కూర్చుని మూటగట్టి కింద పెట్టించడం వాళ్లలో ఆచారం కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఉపేందర్ మాత్రం సంబరపడ్డాడు. నాణెం మీద సంవత్సరం చూస్తే ఇంటి వయసు తేలిపోతుందన్నాడు.

"నీ గల్లాపెట్టెల పాత రూపాయి ఉంటె దుకాణం గుడ పాతదైతదా?" అంటూ బాలనర్సయ్య చెంబు వంచాడు.

మూట ఒళ్లో పడింది. పసుపు పట్టిన నైలాన్ గుడ్డ, ఎర్ర అంచు. మెడ చుట్టూ సైకిల్ ట్యూబు రబ్బరు. ముడి అడ్డంగా తిరిగి ఉంది.

ఆయన కుడిచేత్తో లాగి చూశాడు. రాలేదు. చిన్నప్పుడు తల్లి పక్కన కూర్చుని విప్పినట్టు ఎడమచేత్తో తిప్పాడు. ముడి వదిలింది, పెళుసెక్కిన రబ్బరు ఒళ్లో రాలింది. రబ్బరు బిగించిన మేర గుడ్డకు పసుపు అంటలేదు. మగ్గం మీంచి కోసి పంపిననాడు ఎంత తెల్లగా ఉందో అంత తెల్లగా ఉంది.

గుడ్డ అందింది. ఈ జాగాలోనే కూర్చుని, కొడుకు పంపిన గుడ్డలో మూటగట్టి, అవ్వే గడప నిలబెట్టించింది. బాలనర్సయ్య ఏడ్చాడు. మేస్త్రీ ముందు, కొడుకు ముందు, సిగ్గుపడకుండా ఏడ్చాడు. తల్లి పోయిన కబురు విన్ననాడు కూడా భివండిలో మగ్గం ఆపని మనిషి.

లలితమ్మ పక్కన కూలబడింది. "నాకన్న ముందు అత్తమ్మనే రాసింది గీ గడపకు పసుపు," అంది.

ఆయన తలూపాడు. గింజలూ చిల్లరా తిరిగి ఆ గుడ్డలోనే పోసి, కొత్త రబ్బరు తెప్పించి, ఎడమచేత్తో ముడి వేశాడు. కొత్త గడప కింద పెట్టమని సైదులు చేతికిచ్చాడు.

ఇంజనీరుకు ఏం చెప్పమంటావని ఉపేందర్ మెల్లగా అడిగాడు.

"మా అవ్వ ఉన్నప్పటిదని చెప్పు," అన్నాడు బాలనర్సయ్య.