పెడల్ వణికినప్పుడు

మొదట్లో వైనో పెల్కొనెన్ చేతిలో ఉన్నవి ఒక పసుపుపచ్చ స్కూలు బస్సు, సరస్సు ఒడ్డు దారి, మంచు గుట్టు తెలిసిన కుడికాలు. బస్సు ముసలిదైపోతే అమ్మేసి, స్కూలు వాళ్ళ బస్సులే నడిపాడు. దారి ఎలాగూ స్కూలు వాళ్ళది. సొంతమని చెప్పుకోదగ్గది కాలొక్కటే మిగిలింది.

భార్య హెల్మీ పోయాక ఆ దారే అతనికి ఇల్లయింది. గ్లవ్స్ పోయాయనీ, అమ్మ అరిచిందనీ, పన్ను ఊగుతోందనీ పిల్లలు ముందుగా అతనికే చెప్పుకునేవారు. ఆ గోల తీసేస్తే తన రోజులో మిగులు సున్నా అని వైనోకి తెలుసు.

ఆ ఏడు స్కూలు వాళ్ళు యాంటీ లాక్ బ్రేకులున్న కొత్త బస్సులు కొన్నారు. చలికాలం దారి కావాలంటే ప్రతి డ్రైవరూ ముందు కంకర మైదానంలో నడిపి చూపాలి. నేల మీద నీళ్ళు పోసి గడ్డకట్టించారు. పిల్లల బరువుకు సరిపడా సీట్ల నిండా ఇసుక బస్తాలు పెట్టారు. మెకానిక్కులు ఊరుకోలేక, బస్సుల్లో పిల్లలు మరిచిపోయిన ఊలు టోపీలు వాటికి తొడిగారు.

నేర్పేది అతని తమ్ముడి కూతురు ఐలి. ఒకప్పుడు ఇదే మైదానంలో ఆమెకు బస్సు నేర్పింది వైనోయే.

“పెదనాన్నా, పాతది మరిచిపో. బ్రేకు గట్టిగా తొక్కి పట్టు. పెడల్ వణుకుతుంది, వణకనీ. చక్రం బిగుసుకోకుండా అది చూసుకుంటుంది. నువ్వు స్టీరింగ్ తిప్పుకో.”

“అన్నీ అదే చూసుకుంటే నాకు జీతం ఎందుకమ్మా?”

“అది మంచును కరిగించదు. దూరం పాటించడం, ముందే వేగం తగ్గించడం నీ పనే. అందుకు.”

వైనో నవ్వి బండి ఎక్కాడు. మైదానం చివర ఒక కర్ర పాతి, దానికి ఎర్ర టోపీ తగిలించారు. బ్రేకు వేసి, కర్రను తప్పించి పక్కనుంచి వెళ్ళాలి. అతను తొక్కాడు. కాలికింద పెడల్ గజగజ వణికింది. అంతే, కాలు లేచింది. మళ్ళీ తొక్కింది, మళ్ళీ లేచింది. తొక్కి పడితే చక్రం బిగుసుకుపోయే ముసలి బస్సుల్లో ఇన్ని చలికాలాలు పిల్లల్ని కాపాడిన విద్య అది. బస్సు తిన్నగా జారి కర్రను పడగొట్టింది.

“బస్తాలందరూ క్షేమం!” అని మెకానిక్కులు కేకేశారు.

రెండోసారి పళ్ళు బిగించి తొక్కాడు. వణుకు మొదలవగానే కాలు తనంతట తనే లేచింది. మళ్ళీ కర్ర పడింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఐలి బస్సెక్కి, ఫ్లాస్కులోని కాఫీ పోసి, యాలకుల రొట్టె ముక్క చేతిలో పెట్టింది.

“నీకు నేర్పింది నేను,” అన్నాడు వైనో. “నీకూ ఇదే కాలు అలవాటు చేశాను. నీ కాలు ఎలా మరిచింది?”

“నీ అంత మంచి కాలు నాకెప్పుడూ లేదు పెదనాన్నా.”

అతను రొట్టె కొరకలేదు. ఐలి గొంతు తగ్గించింది. “ఈ ఒక్క చలికాలం పాసని రాసేస్తాను. నువ్వెప్పుడూ నెమ్మదిగానే నడుపుతావు. ఎవరూ అడగరు.”

వైనో కిటికీలోంచి చూశాడు. మంచు మీద పడి ఉన్న ఎర్ర టోపీ ఇర్మాది. గుట్ట దిగువ మలుపులో, ముందుగా వచ్చి నిలబడే పిల్ల. పోయిన వారమే టోపీ కనపడలేదని ఏడిస్తే, వెతికిస్తానని మాటిచ్చాడు.

“బస్సు కొనకముందు కట్టెలమ్మిన రోజుల్లో తడి కట్టెను ఎండు కట్టెల్లో కలిపి ఎవరికీ అంటగట్టలేదమ్మా. ఇప్పుడు ఈ కాలును ఇర్మా వాళ్ళమ్మకి అంటగట్టమంటావా?”

“పెదనాన్నా...”

“ఆ దారి నువ్వు తీసుకో. ఇర్మా ఎక్కేటప్పుడు ఊగే పన్ను సంగతి అడుగు. అడక్కపోతే అలుగుతుంది.”

తాళంచెవి ఆమె ఒళ్ళో పెట్టి దిగాడు. టోపీకి అంటిన మంచు దులిపి జేబులో పెట్టుకున్నాడు. మైదానం దాటేదాకా తల ఎత్తలేదు.

మొదటి పెద్ద మంచు కురిసిన పొద్దున వైనో గుట్ట దిగువ మలుపుకు నడిచి వెళ్ళాడు. ఇర్మాకి టోపీ తొడిగాడు.

“నువ్వెందుకు నడపట్లేదు?”

“నా కాలు ముసలిదైపోయింది తల్లీ.”

అంతలో గుట్ట మీద పసుపు రంగు కనబడింది. బస్సు దిగుతూ ఒకచోట కొంచెం పక్కకు జారింది. వైనో కుడికాలు బూటులోనే లేచి, దిగి, మళ్ళీ లేచింది. పైన ఐలి కాలు లేవలేదు. బస్సు దారికొచ్చి, వాళ్ళకు ఇంకా చాలా దూరం ఉండగానే ఆగి, తర్వాత మెల్లగా దగ్గరికి వచ్చింది. ఇర్మా ఎక్కింది. తలుపు మూసుకుంది.

బస్సు పోయింది, దారి పోయింది, పొద్దుటి గోల పోయింది. ఆ చలికాలానికి వైనోకి దక్కింది ఒక్కటే, బస్సు కిటికీలో దూరమవుతున్న ఎర్ర టోపీ.