కోత పడిన మొదటి జీతం

"రెండోది ఏదీ?" అన్నారు మావారు, ఒక కాలికి సాక్సు తొడుక్కుని, రెండో కాలు గాల్లో పెట్టి.

నేను సాక్సుల ఫ్యాక్టరీలో జతలు కలిపే బల్ల దగ్గర పనిచేస్తాను. రంగు, పొడవు, మడమ దగ్గర కుట్టు, అన్నీ సరిచూసి జత కలపాలి. జత దొరకనిది పక్కబుట్టలోకి పోతుంది. రోజంతా అదే పని. ఇంటికొస్తే మళ్ళీ అదే, కాకపోతే జీతం ఉండదు. "నీకలవాటేగా" అంటారు మావారు, ముద్దుగానే. వెతికితే ఆ రెండోది ఆయన కూర్చున్న దుప్పటి కిందే ఉంది. తీసి చేతికిచ్చాను. "నువ్వు లేకపోతే నా గతేంటి" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. ఆ నవ్వు చూస్తే నాకూ నవ్వొస్తుంది, అదే నాతో వచ్చిన చిక్కు.

ఆరోజే అకౌంట్స్‌లో కొత్తగా చేరిన అమ్మాయి మా బల్ల దగ్గరికొచ్చింది. "అక్కా, రిటైర్మెంట్ పొదుపులో మీ పేరు లేదేం? మీ జీతంలోంచి మీరెంత పక్కన పెడితే కంపెనీ కూడా అంతే కలుపుతుంది. రిటైరయ్యాక రెండూ మీవే కదా!"

"ఊరికే ఎవరిస్తారమ్మా?" అన్నాను చేతులు ఆపకుండా.

"ఊరికే కాదక్కా, అదీ మీ కష్టానికిచ్చేదే. మీరు వేయకపోతే వాళ్ళూ వేయరు. ఇన్నాళ్ళూ మీకు రావాల్సింది వదిలేసుకున్నారు."

"మావారి జీతంలో కోస్తున్నారులే. వాళ్ళ కంపెనీ కూడా వేస్తోంది."

"బావగారిది బావగారికి. మరి మీకో?"

నా చేతులు ఆగిపోయాయి. ఉద్యోగంలో చేరిన రోజు ఈ పొదుపు కాగితం మీద సంతకం పెట్టాలా వద్దా అని మావారినే అడిగాను. "ఇద్దరం కోయించుకుంటే ఏం తింటాం, సాక్సులా? నాది కోయనీ, నీది నిండుగా ఇంటికి రానీ. నాది నీది కాదా ఏంటి?" అన్నారు. పొదుపు తెలిసిన మొగుడు దొరికాడని పొంగిపోయాను కూడా. అప్పట్నుంచి అద్దె, కూరగాయలు, పిల్లదాని ఫీజు, అన్నీ నా జీతంలోంచే. ఆయన పక్కన పెట్టినదానికి ఆయన కంపెనీ ఎంత కలిపిందో ఏడాదికోసారి కాగితం వస్తుంది, ఆయన పేరు మీద. ఆయన నిశ్చింతగా పక్కన పెట్టుకోగలిగేలా ఇల్లంతా నెట్టుకొచ్చిన మనిషి మాట మాత్రం ఆ కాగితంలో ఎక్కడా ఉండదు. ఆ పూట ఒక నీలం సాక్సుకి నల్లదాన్ని జత చేసి సూపర్వైజరుతో చీవాట్లు తిన్నాను.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మా అత్తగారు హాల్లో కొడుకు ఎదురుగా నిలబడి ఉంది. "నాన్నా, కాస్త డబ్బు కావాలిరా" అంటోంది.

"ఎందుకమ్మా?" అన్నారు మావారు ఫోన్లోంచి తలెత్తకుండా.

కసురుకోలేదు. మామూలుగానే అడిగారు. అత్తయ్య మాత్రం రుమాలులో చుట్టుకున్న కళ్ళజోడు విప్పి, విరిగిన కాడ చూపించింది, నేరం చేసి దొరికిపోయినట్టు. ఆయన వెంటనే డబ్బు తీసిచ్చారు, కావలసినదానికంటే ఎక్కువే. మా ఆయన పిసినారి కాదు, ఆ మాట ఎవరైనా అంటే నేనే ఊరుకోను.

వంటింట్లోకొచ్చాక అత్తయ్య నాకు చిక్కుళ్ళు వలిచి ఇస్తూ, "అడిగితే ఇస్తాడే. బంగారుతండ్రి. అడగడమే..." అని ఆగిపోయింది. నా మనసు చివుక్కుమంది. ఈ ఇంట్లో ఆవిడ తోమని గిన్నె లేదు, ఉతకని బట్ట లేదు. ఆ బంగారుతండ్రిని పెంచింది ఆవిడే. నేను ఫ్యాక్టరీకి వెళ్ళగలుగుతున్నానంటే నా కూతురు ఆవిడ చేతుల్లో పెరిగింది కాబట్టే. ఇంత చేసినావిడకి కళ్ళజోడు కాడ కోసం సాక్ష్యం చూపించుకోవాల్సి వచ్చింది. రేపు ఆ రుమాలు పట్టుకుని అక్కడ నిలబడేది నేనే కదా అనిపించి భయమేసింది.

అకౌంట్స్ అమ్మాయి చెప్పిందంతా ఆవిడకి చెప్పాను. "చేరడానికి చివరి తేదీ ఎల్లుండి. కానీ నాదీ కోస్తే ఇల్లెలా గడుస్తుందత్తయ్యా?"

ఆవిడ చేతిలోని చిక్కుడుకాయ వలిచి గిన్నెలో వేసింది. "వాడి జీతం కోస్తుంటే ఇన్నాళ్ళూ ఎలా గడిచిందే? నువ్వు సర్దావు. ఇప్పుడు వాణ్ణి సర్దమను. నా కొడుకే, నేర్చుకుంటాడు." అని, నా చెయ్యి మీద చెయ్యేసి, "వెళ్ళి సంతకం పెట్టిరా" అంది.

మర్నాడే పెట్టేశాను.

జీతం పడిన రోజు ముందు మావారి ఫోనే మోగింది. నా జీతం పడేది ఇద్దరి పేరా ఉన్న ఖాతాలో. భోంచేస్తున్న మనిషి ఫోను చూసి, "ఇదేంటి, తక్కువ పడింది? సెలవులేమైనా పెట్టావా?" అన్నారు.

"లేదు. రిటైర్మెంట్ పొదుపులో చేరాను. నేను వేసినంత మా కంపెనీ కూడా వేస్తుంది. ఇక నుంచి పిల్లదాని ఫీజు మీరు కట్టండి."

"నాకో మాట చెప్పలేదే!"

"చెప్తే సాక్సులు తింటామా అంటారని."

పాపం, ఆయనకి నవ్వొచ్చింది కూడా. నీళ్ళు తాగి, నిజంగానే అర్థం కాని మొహంతో నా వంక చూశారు. "కట్టేది కడతాలే. కానీ నాది ఉంది కదా. నీకు మళ్ళీ వేరేగా ఎందుకు?"

ఆయన పక్కనే తింటున్న అత్తయ్య చెయ్యి ఆగింది. కొత్త కాడ వేయించుకున్న కళ్ళజోడులోంచి నా వైపే చూస్తోంది. నేను ఆవిడ కంచంలో ఇంకాస్త కూర వడ్డించి, ఆయనకి జవాబు చెప్పాను.

"ముసలిదాన్నయ్యాక నన్నెవరూ 'ఎందుకు' అని అడగకుండా ఉండేందుకు."