పేనుబంక కావలెను

మా ఆవిడ ఉద్యోగం పేనుబంక మూతులు కోయడం. నవ్వకండి, దానికి జీతం కూడా ఇస్తారు.

ఆకులో తయారైన చక్కెర కాడలోంచి వేళ్లకూ కాయలకూ ఎలా చేరుతుందో తేల్చడం ఆమె పని. సూదితో గుచ్చితే మొక్క ఆ గాయాన్ని వెంటనే మూసేసుకుంటుంది. మొక్కల రసం తాగే ఈ చిన్న పురుగు, పేనుబంక మాత్రం వెంట్రుకకంటే సన్నటి మూతిని సరిగ్గా చక్కెర పారే దారిలోకే దించుతుంది. మొక్కకు చీమ కుట్టినట్టయినా ఉండదు. అది తాగుతుండగా లేజరుతో మూతి తెగ్గొడితే పురుగు రాలిపోతుంది, గొట్టం మిగులుతుంది, దాని కొసన రసం బొట్టుగా ఊరుతుంది. ఆ బొట్టంటే మా ఆవిడకు పంచప్రాణాలు.

లేజరు యంత్రం ఇచ్చిన సంస్థ నుంచి ఒక పెద్దాయన ఆ ప్రయోగం చూడటానికి వస్తున్నాడు. ఆయన కళ్లముందు బొట్టు రాకపోతే యంత్రం ఇంకో ఊరికి పోతుంది, మూడేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరవుతుంది. సరిగ్గా ఆయన వచ్చే ముందురోజు సాయంత్రమే పేనుబంక పెంచే పంజరంలోకి అక్షింతల పురుగులు దూరి, ఒక్కటి మిగల్చకుండా మేసేశాయి.

"తలుపు నేనే సరిగ్గా వెయ్యలేదండీ," అంటూ ఆవిడ సోఫాలో కూలబడింది.

ఇద్దరం మేడలోని ప్రతి గుమ్మమూ ఎక్కి దిగాం. "మీ మొక్కలకు పేనుబంక ఉందా అండీ?" అంటే ఒక్కరు ఒప్పుకుంటేగా! మీ తలలో పేలున్నాయా అని అడిగినట్టు ముఖం మాడ్చుకున్నారు. "మీ అత్తగారి చిక్కుడుకే లేదట, మా గులాబీకెందుకుంటుంది?" అంది ఎదురింటావిడ. నిజమే, తన బాల్కనీలో చీడ అడుగు పెట్టదని మా అమ్మ మేడంతా టముకు వేసింది మరి.

ఇంటికొస్తే అమ్మ బాల్కనీ తుడుస్తోంది.

"ఒరేయ్, మళ్లీ పళ్లరసం ఒలకబోశావా? నేలంతా జిగురే!"

నెల రోజులుగా నామీద ఇదే నింద. నేను కాదు మొర్రో అన్నా వినదు.

మా ఆవిడ ఠక్కున ఆగింది. వంగి నేలమీద వేలు రాసి, చిక్కుడు తొట్టివైపు చూసింది.

"అత్తయ్యా, ఇది పళ్లరసం కాదు. పేనుబంక తాగిన చక్కెరంతా దాని ఒంటికి పట్టదు. మిగిలింది వెనకనుంచి చుక్కలుగా రాలుతుంది."

ఆకు తిరగేసింది. కింద నల్లగా, ఇసకేస్తే రాలనంత జనం! కళ్లజోడు పెడితే ముసలితనం వచ్చేస్తుందని పంతం పట్టిన అమ్మకు అవి కనబడితేగా.

"నేను నిర్దోషిని!" అని గెంతాను. ఎవరూ పట్టించుకోలేదు.

అమ్మ ముఖం పాలిపోయింది. "తీసుకెళ్లమ్మా. కానీ మనింటిదని ఎవరికీ చెప్పకు. నా పరువు పోతుంది."

"ఒట్టు అత్తయ్యా."

కుదిపితే పురుగులు మూతి పీకేసుకుంటాయట. పొద్దున్నే తొట్టిమీద దుప్పటి కప్పి, ఊపిరి బిగబట్టి ముగ్గురం లిఫ్టెక్కాం. ఎదురింటావిడ కూడా ఎక్కింది.

"ఏంటండీ అది?"

"టేబుల్ ఫ్యాను," అంది అమ్మ.

"ఫ్యానుకు తీగలొచ్చాయేం?"

"కొత్త మోడల్."

కారు నత్తనడక నడిచింది. వెనక హారన్ల కచేరీ. తుమ్మొస్తే మింగేశాను.

ప్రయోగశాలలో మొదటి పురుగు ముందే మూతి లాగేసుకుంది. రెండోదీ అంతే. మూడోదాని దగ్గర లేజరు టిక్కుమంది, పురుగు దొర్లిపోయింది. తెరమీద గొట్టం ఒక్కటే నిలబడింది. దాని కొసన ఏదో మెరిసింది, ఉబ్బింది. బొట్టు!

"ఇప్పుడు పీల్చేవాళ్లెవరూ లేరు సార్. మొక్కే తోస్తోంది," అంది మా ఆవిడ. నాకు ఈల వెయ్యాలనిపించింది.

"బాగుంది," అన్నాడు పెద్దాయన. "కానీ మీ పంజరం ఖాళీ అయిందన్నారు. ఈ మొక్క ఎక్కడిది? అది తెలియకుండా ఫలితం నేను రాసుకోలేను."

మా ఆవిడ అమ్మవైపు చూసి తల దించుకుంది. "చెప్పలేను సార్. మాటిచ్చాను."

పెద్దాయన కలానికి మూత పెట్టేశాడు.

వెనకనుంచి అమ్మ విసవిసా ముందుకొచ్చింది. "నాదండీ! విత్తు పెట్టింది నేనే, నీళ్లు పోసింది నేనే. ఆ పేనుబంకా నాదే. మా బాల్కనీ నిండా ఉంది. రాసుకోండి!"

పెద్దాయన నవ్వుతూ మూత తీశాడు.

సాయంత్రం తొట్టి తిరిగి తెస్తుంటే లిఫ్టులో మళ్లీ ఎదురింటావిడ. "ఫ్యాను బాగయిందా?" అంది.

అమ్మ దుప్పటి లాగి పారేసింది. "ఫ్యాను కాదు, పేనుబంక. మా కోడలికి కావాలంటే నేనే పెంచాను."

ఆవిడ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "మా గులాబీకీ ఉందండీ. మీ కోడలికి పనికొస్తుందేమో అడగరూ?"