మా వారి కోసమే కలిపిన నీళ్లు

రాజారావుకు కొత్త ఎయిర్‌పోర్టు కార్గోలో ఉద్యోగం రావడంతో, భార్య మంగాదేవి భీమవరం నుంచి వచ్చి శంషాబాద్‌లో రేణుకమ్మ ఇంటి పైవాటాలో కాపురం పెట్టింది. బజారు సబ్బులు పడక మొగుడు పొద్దస్తమానం గోక్కుంటుంటే చూడలేక, ఇంట్లోనే సబ్బు చేయడానికి పూనుకుంది.

సబ్బుకు కాస్టిక్ సోడా నీళ్లు కావాలి. కలపగానే అవి సలసలా కాగిపోతాయి, చల్లారేదాకా నూనెలో పోయకూడదు. అందుకని ఆదివారం పనికి బుధవారమే సిద్ధమైంది. కళ్లద్దాలు, రబ్బరు గ్లవ్సులు తొడుక్కుని, వరండాలో నీళ్లలోకి సోడా కొంచెం కొంచెంగా వేస్తూ కలిపింది. చల్లారాక గట్టి మూత డబ్బాలో పోసి, దానిమీద పుర్రె బొమ్మ గీసి, ‘ముట్టుకుంటే చస్తారు’ అని రాసింది.

పెరుగు తోడుకని పైకొచ్చిన రేణుకమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

“గదేందక్కా?”

“మా వారి కోసమేనండీ. ఇవాళే కలిపి ఉంచుకుంటే ఆదివారం పని తేలికైపోతుంది.”

రేణుకమ్మ తోడు సంగతి మరిచి గబగబా మెట్లు దిగింది.

ఆ రాత్రి రాజారావు కంచం ముందు కూర్చోలేదు. “కింద తినేశాను. రేణుకమ్మగారు చెయ్యి పట్టుకుని లాక్కెళ్లారు. నాటుకోడి!” అన్నాడు తేన్చుతూ. మర్నాడు సర్వపిండి. ఆ మర్నాడు జొన్నరొట్టెలు. మంగాదేవి పులుసు వండింది వండినట్టే ఉండిపోయింది. తన చేతి వంటకు ఏం రోగమొచ్చిందో తెలియక, ఉప్పు చూసింది, కారం చూసింది, చివరికి మొగుడు మీసానికి రంగేశాడేమోనని కూడా చూసింది.

ఆదివారం ఆమె అద్దాలు పెట్టుకుని డబ్బా దించుతుండగా రేణుకమ్మా, ఆమె భర్త సత్తయ్యా పరుగున వచ్చారు. సత్తయ్య ఆమె పక్కనే నిలబడ్డ రాజారావును వెనక్కి గుంజాడు.

“జర ఆగక్కా! తాగితే తాగనియ్యి, కొడితే నాకు చెప్పు, గిట్ల పానం తియ్యకు!” అని రేణుకమ్మ కేక పెట్టింది.

“నేనెప్పుడు తాగానండీ?” రాజారావు బిత్తరపోయాడు.

“పానమేమిటండీ? సబ్బు చేస్తున్నాను!”

“మరి ‘మా వారి కోసమే’ అంటివి గదా?”

“ఆయన ఒంటికే కదా రుద్దేది!”

సత్తయ్యకు నవ్వు ఆగలేదు. రేణుకమ్మ మాత్రం కూలబడి, “గా ముచ్చట మొదలే చెప్తే నా కోడి బతుకుతుండె గదక్కా!” అంది.

మంగాదేవి ఆ నీళ్లను కొబ్బరినూనెలో పోసి, ఇడ్లీ పిండిలా చిక్కబడేదాకా తిప్పింది. సబ్బు బ్రహ్మాండంగా కుదిరింది. నెల ఆరబెట్టాక వాడితే దురదా పోయింది. దిగులల్లా రాజారావుకే. ఇప్పటికీ డ్యూటీ దిగి వస్తూ కిందివాళ్ల గుమ్మం ముందు ఆగి గట్టిగా దగ్గుతాడు. పైనుంచి మంగాదేవి, “పులుసు చల్లారిపోతోంది, రండి!” అని అంతకంటే గట్టిగా పిలుస్తుంది.