ఎవరిదీ కాని హల్లు

అఫ్షీన్ ప్రసంగం మొదలుపెట్టి ఇంకా కుదురుకోకముందే ఆమె గైడ్ జనార్ధనరావు చెయ్యెత్తి ఆపాడు. ఆమె పలికిన ఫ్రెంచి మాట మళ్లీ పలకమని ఇంగ్లీషులో అడిగాడు.

"పెతితమి," అంది అఫ్షీన్.

"టోలీచౌకీలో ఆటోని పిలుస్తున్నట్టుందమ్మా. ఇంకోసారి." ఇది మాత్రం తెలుగులో అన్నాడు. సెమినార్ గదిలో తెలుగు తెలిసిన మూడో మనిషి రుచిత ఒక్కతే. ఆమె ఫోన్‌తో వీడియో తీస్తూనే నవ్వాపుకుంది. ముందు వరసలో కూర్చున్న ఫ్రాన్స్ అతిథి, పేరున్న ఆచార్యురాలు, ఏమీ అర్థంకాక మర్యాదగా చిరునవ్వు నవ్వింది.

ఫ్రెంచిలో పెతి అంటే చిన్న, అమి అంటే స్నేహితుడు. విడివిడిగా పలికితే 'త' ఎక్కడా వినిపించదు. కలిపితే మాత్రం పెతితమి. ఆ 'త' ఎక్కడినుంచి వచ్చిందన్న దానిమీద భాషాశాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి వాదించుకుంటున్నారు. అది మొదటి మాట చివర మౌనంగా పడివుండి, అచ్చు ఎదురైతే నోరు విప్పుతుందని కొందరంటారు. రెండో మాట ముందే అతుక్కుని ఉంటుందని కొందరు. రెండింటిదీ కాదు, చోటు దొరికేదాకా మధ్యలో తేలుతుంటుందని ఇంకొందరు. జనార్ధనరావు ఈ మూడో పక్షం. తెలుగు విద్యార్థులు దొరికితే, "'మాయమ్మ' అన్నప్పుడు ఆ 'య' ఎవరిది? మాదీ కాదు, అమ్మదీ కాదు," అని హుషారుగా మొదలుపెట్టేవాడు. సింగపూర్‌లో ఆయన పేరూ పదవీ ఆ ఒక్క వాదన మీదే నిలబడ్డాయి.

అఫ్షీన్ హైదరాబాద్ నుంచి ఆయన దగ్గరే పీహెచ్‌డీకి వచ్చింది. సింగపూర్‌లోనే బెడోక్ పేటలో ఉండే ఒక ఫ్రెంచి కుటుంబం ఇంటికి వారంవారం వెళ్లి, వాళ్ల మూడేళ్ల పాప మాటలు రికార్డు చేసేది. ఊర్స్ అంటే ఎలుగుబంటి. 'ఒక ఎలుగుబంటి' అనాలంటే ముందు 'అఁ' చేర్చాలి; అప్పుడు మధ్యలో 'న' పుట్టి అఁ నూర్స్ అని వినిపిస్తుంది. 'చిన్న ఎలుగుబంటి' అయితే పెతితూర్స్ కావాలి. పాప మాత్రం పెతి నూర్స్ అనేది. ఆమె లెక్కలో ఎలుగుబంటి పేరే నూర్స్. అంటే పసివాళ్లు ఆ హల్లుని రెండో మాటకే కట్టుకుని నేర్చుకుంటున్నారు. తేలడమూ లేదు, వెతుక్కోవడమూ లేదు.

"పిల్లలు తప్పులు మాట్లాడతారమ్మా. తప్పుల మీద సిద్ధాంతం కడతావా? ఆ స్లైడ్ తీసెయ్," అన్నాడు జనార్ధనరావు, సెమినార్‌కి కొద్దిరోజుల ముందు.

అఫ్షీన్ తియ్యలేదు. ఆ సంగతి రుచిత ఒక్కదానికే చెప్పింది. రుచిత ఆయన దగ్గరే సీనియర్. ఇద్దరూ సెంగ్‌కాంగ్‌లో ఒకే ఫ్లాట్‌లో ఉంటున్నారు.

"ఫ్రెంచ్ మేడమ్ ఒక్కసారి చూస్తే చాలక్కా. ఆమె ఏమంటదో విందాం."

"చూపించవే, భయమెందుకు," అంది రుచిత. ఫోన్‌లో వీడియో తీస్తానని కూడా ఒప్పుకుంది. తన ఉచ్చారణ తర్వాత చూసి దిద్దుకోవాలని అఫ్షీన్ ఆశ.

సెమినార్‌లో ప్రతి వాక్యానికీ ఆయన ఆపుతూనే ఉన్నాడు. ఎలుగుబంటి స్లైడ్‌కి ముందు, కలపకూడని మాటల స్లైడ్ వచ్చింది. లె ఎరో అంటే వీరులు. పొరపాటున కలిపితే లె జెరో, సున్నాలు. ఆ నియమం మీద ఆమె స్వయంగా వ్యాసం రాసింది. నిద్రలో లేపి అడిగినా తప్పు చెప్పేది కాదు.

"పైకి చదువు," అన్నాడాయన.

"లె జెరో," అంది అఫ్షీన్.

గది గొల్లుమంది. ఈసారి ఫ్రాన్స్ అతిథి కూడా నవ్వింది. జనార్ధనరావు లేచి, వీరులందరూ సున్నాలయ్యాక ఇక వినడానికేముందంటూ ప్రసంగం ముగించేశాడు. పాప మాటలు ఎవరూ వినలేదు.

సాయంత్రానికి ఆ వీడియో ముక్క డిపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఉంది. కింద పెద్ద సున్నా. మర్నాటినుంచి క్యాంటీన్‌లో జూనియర్లు సింగపూర్ యాసలో తిండికి పిలుస్తూ, "జీరో, మకాన్‌కి రా లా," అని కేకేసేవాళ్లు.

"వీడియో ఎందుకు పెట్టినవ్ అక్కా?"

"జోక్‌గా తీసుకోవే. వారంలో అందరూ మర్చిపోతారు."

"ఎలుగుబంటి స్లైడ్ రాకముందే ఆపేసిండు. అది ఉందని సర్‌కి ఎట్ల తెలిసింది? నేను నీకొక్కదానికే చెప్పిన."

రుచిత గిన్నె తోముతూ వెనక్కి తిరగలేదు. "సర్ అడిగారు. అబద్ధం ఆడలేను కదా."

అఫ్షీన్ ఆ రికార్డింగులన్నీ ఫ్రాన్స్ ఆచార్యురాలికి మెయిల్‌లో పంపింది. జవాబు తొందరగానే వచ్చింది. ఇవి చాలా విలువైనవనీ, ఇలాంటి విద్యార్థిని దొరికినందుకు మీ ప్రొఫెసర్‌ని అభినందిస్తూ ఇప్పుడే రాశాననీ ఉంది. అఫ్షీన్ ఆ చివరి ముక్క మళ్లీ చదివింది. ఆవిడ మంచి చేశాననే అనుకుని ఉంటుంది.

జనార్ధనరావు మర్నాడే పిలిచాడు. కూర్చోమనలేదు.

"నా వెనకాల రాయబారాలా?"

"డేటా తప్పయితే చెప్పండి సర్."

"డేటా బ్రహ్మాండంగా ఉంది. నువ్వే బాలేవు." ఆయన గొంతు పెంచలేదు. "కమిటీతో మాట్లాడాను. నీ పీహెచ్‌డీ ఆపేసి, మాస్టర్స్ ఇచ్చి పంపించేస్తాం. రికార్డింగులు ల్యాబ్‌వి. పేపర్ రుచిత రాస్తుంది."

"ఆ పాప మాటలు మీ థియరీకి ఉల్టా కదా సర్. ఏం రాస్తది?"

"ఉన్నదే రాస్తుంది. పైన నా పేరుంటుంది. అభిప్రాయం మార్చుకోవడం నాకూ చేతనవునమ్మా."

అఫ్షీన్ ట్రైన్‌లో అమ్మ కనీజ్ ఫాతిమాకి ఫోన్ కలిపి, అవతల "హా బేటా" అని వినపడగానే కట్ చేసేసింది.

వారం తిరక్కముందే రుచిత ఆమె గది గుమ్మంలో నిలబడింది. "రేపు ఒకమ్మాయి రూమ్ చూడ్డానికి వస్తోంది. నీ ప్లేస్‌లో సర్ దగ్గర చేరుతోందిలే. కొంచెం నీట్‌గా పెట్టవే."

అఫ్షీన్ నేల తుడిచి, గోడకున్న కాగితాలు పీకి చెత్తబుట్టలో వేసింది. వచ్చిన అమ్మాయి పేరు కావ్యశ్రీ, కర్నూలు వైపు మనిషి. కళ్లల్లో ఇంకా విమానం దిగిన సంబరం ఉంది. రుచిత నీళ్లు తేవడానికి లోపలికి వెళ్లగానే దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"అక్కా, మీరు సర్ దగ్గర చేసినారంట కదా. సర్ ఎట్లాంటోరు? నాకు శానా భయంగా ఉండాది."

అఫ్షీన్ ఆమె ముఖంలోకి చూసింది. నిజం గొంతుదాకా వచ్చింది. ఈ పిల్లకి మాత్రం ముందే ఎందుకు తెలియాలి అనిపించింది. తనకెవరు చెప్పారు?

"చానా మంచోరు," అంది. "ఏదున్నా రుచితక్కకి చెప్పుకో. ఆమె చూసుకుంటది."

కావ్యశ్రీ ముఖం తేటపడింది. అఫ్షీన్ కిటికీ తెరిచి, పొద్దున ఎండ ఏ వైపునుంచి పడుతుందో చూపించింది.