మూడో ప్రశ్న

మా బేకరీలోకి ఎజైల్ పద్ధతిని తెచ్చింది మా ఆడపడుచు భర్త. నాకు అన్న వరస కాబట్టి అన్నయ్యా అని పిలుస్తాను. ఆ పిలుపులో వరస తప్ప ఇంకేమీ లేదు. ఏళ్ళ తరబడి కంప్యూటర్ కంపెనీలో పనిచేసి, వాళ్ళు పొమ్మన్నారో తనే వచ్చేశాడో ఎవరూ అడగకముందే, ఒక సోమవారం ఉదయం తెల్ల బోర్డు చంకన పెట్టుకుని మా పొయ్యి గదిలోకి వచ్చాడు.

“సాఫ్ట్‌వేర్ చెయ్యడానికీ బ్రెడ్డు చెయ్యడానికీ పెద్ద తేడా లేదు. పనిని చిన్న చిన్న ముక్కలు చేసుకోవాలి, రోజూ చూసుకోవాలి, తప్పు దొరికితే అప్పుడే దిద్దుకోవాలి” అన్నాడు.

“మేం కాల్చాకే ముక్కలు కోస్తాం అన్నయ్యా” అన్నాను. వదిన మూతి బిగించింది. ఆమెకి నవ్వొచ్చింది, మొగుడి ముందు నవ్వలేకపోయింది. ఎవరి మనసులో ఏముందో నేను ఇట్టే చెప్పేస్తాను. చిన్నప్పటినుంచీ నాకు అదొక అలవాటు.

బోర్డు మీద చెయ్యాల్సినవి, జరుగుతున్నవి, అయిపోయినవి అని మూడు గళ్ళు గీశాడు. అంచున ఎర్ర ఇంకుతో ఇంకొకటి, అడ్డంకులు అని. ఒక్కో పనికి ఒక్కో రంగు కాగితం. వెనక జిగురుంటుంది కాబట్టి అంటించడం, పీకడం చిటికెలో పని. పనిని విడతలుగా చెయ్యాలి, ఆ విడతని స్ప్రింట్ అనాలట. మేం పరుగెత్తేది ఇప్పుడు కొత్తగానా అని అత్తగారు గల్లాపెట్టె దగ్గర్నుంచి అన్నారు గానీ, అల్లుడి మీద ఆవిడకి గురి. సరేనన్నారు.

రోజూ మొదటి వాయి పొయ్యిలోకి వెళ్ళగానే అందరం బోర్డు ముందు నిలబడాలి. కూర్చుంటే మాటలు సాగుతాయట. ఎవరెక్కడ నిలబడాలో నేల మీద పసుపు టేపుతో పాదాల గుర్తులు అంటించాడు. అత్తగారివి, వదినవి, పిండి కలిపే తాతవి, మా ఆయనవి, ఆ పక్కనే నావి. ఒక్కొక్కరూ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. నిన్న ఏం చేశావు, ఇవాళ ఏం చేస్తావు, నీకు అడ్డేమిటి. పొయ్యి మీదుండే టైమరు గంటని తిప్పి పెట్టేవాడు. అది మోగేలోపు ఎవరి మాట వాళ్ళు ముగించాలి.

మొదటిరోజు మూడో ప్రశ్నకి ఎవరికీ నోరు పెగల్లేదు. నాకెందుకు ఊరుకోవడం?

“ముందు తలుపు కిర్రుమంటే నా చెవులు చిల్లులు పడుతున్నాయి. అదే నాకు అడ్డు” అన్నాను.

ఒక పచ్చ కాగితం మీద తలుపు అని రాసి ఎర్ర గడిలో అంటించాడు. మర్నాడు వచ్చేసరికి తలుపు తెరిచినా మూసినా చప్పుడు లేదు. మామగారు బతికున్న రోజుల నుంచీ ఏడుస్తున్న తలుపు అది.

“ఏర్పాటు చేశాను చెల్లెమ్మా” అన్నాడు, కాగితాన్ని అయిపోయినవి గడిలోకి జరుపుతూ. నిజం చెప్పొద్దూ, నాకు చాలా సంతోషమేసింది.

తర్వాత వదిన వంతు. వెనక గుమ్మం దగ్గర ఒక బూడిదరంగు పిల్లి ఉండేది. ట్రేల మధ్య దూరి బొచ్చు రాలుస్తోందని చెప్పింది. మర్నాడు పిల్లి లేదు. తాత దానికి పాలు పోసే సాసరు కూడా లేదు.

“ఎక్కడ వదిలారు?” అని వదిన అడిగింది.

“ఏర్పాటు చేశాను.”

అదే మెత్తటి గొంతు. ఆయన ఎప్పుడూ గొంతు పెంచడు, ఎవరినీ తిట్టడు. తప్పు మనుషులది కాదు, పద్ధతిది అంటాడు. వదిన ఆ రోజంతా బిస్కెట్లు పాకెట్లలో వేస్తూ వెనక గుమ్మం వైపే చూసింది. కాస్త అదిలిస్తే చాలనుకుంది పిచ్చిది.

ఆ తర్వాత పిండి తాత. మామగారి కాలం నుంచీ మా ఇంట్లో పిండి కలిపే మనిషి. ఎప్పుడూ కనుబొమల దాకా మైదాపిండే, జుట్టు ఎప్పుడు నెరిసిందో మాకే తెలియదు. ఒక ఉదయం అత్తగారు తన గుర్తు మీద నిలబడి, చీర కొంగు సర్దుకుంటూ అన్నారు, “తాత పిండి మీద దగ్గుతుంటే నాకు చూడబుద్ధి కావట్లేదు అల్లుడుగారూ.” తాతకి చెవుడు. తన పేరు వినబడి అత్తగారి వైపు చూసి నవ్వాడు.

మర్నాడు తాత బల్ల ఉన్నచోట పిండి కలిపే మిషను ఉంది. తాత పాదాల గుర్తులు పీకేసి ఉన్నాయి. ఏళ్ళ తరబడి పిండి పట్టిన నేల మీద టేపు ఊడిన మేర మాత్రం శుభ్రంగా, కొత్తగా మెరుస్తోంది. అత్తగారు అటు చూసి తల తిప్పుకున్నారు. తాత ఎక్కడికి వెళ్ళాడో, ఏం తింటున్నాడో ఎవరమూ అడగలేదు. అడిగితే వచ్చే జవాబు మాకు తెలుసు. అమ్మకాలు మాత్రం పెరిగాయి.

అప్పటినుంచి నాకు భయం పట్టుకుంది. నా గురించి కాదు, మా ఆయన గురించి.

మా ఆయనకి నత్తి. అందులోనూ పకారం, బకారం దగ్గర మాట గొంతుకి అడ్డం పడుతుంది. దేవుడి వేళాకోళం చూడండి, అలాంటి మనిషిని తెచ్చి బ్రెడ్డు, బన్ను, బిస్కెట్టు, పిండి, పొయ్యి అనుకుంటూ బతికే ఇంట్లో పుట్టించాడు. చివరికి బావని పిలవాలన్నా బకారమే. నోట్లో నాలుక లేని మనిషి అంటారు ఆయన్ని అందరూ. పెళ్ళయిన నాటినుంచీ ఆ నాలుకని నేనే. డాక్టరు దగ్గర, ఫోనులో, కొట్లో, ఆయన నోరు తెరిస్తే చాలు, మిగతాది నేను అందుకుంటాను. ఆయన పెదవులు కలిసే తీరు చూస్తే ఏ మాట రాబోతోందో నాకు తెలిసిపోతుంది. ఎన్ని తిప్పలు తప్పించానో ఆ మనిషికి!

ఒక్క పొయ్యి దగ్గర మాత్రం ఆయనకి నత్తి ఉండదు. ఒకసారి గోడ చాటు నుంచి విన్నాను. “బాగా పొంగావే, బంగారం” అంటున్నాడు లోపలి బ్రెడ్డుతో, ఎక్కడా తడబడకుండా. నవ్వుకుని, ట్రేలు తీసుకుని లోపలికి వెళ్ళాను. నన్ను చూడగానే నోరు మూసేశాడు. సిగ్గనుకున్నాను.

వరసలో మా ఆయన వంతు రాగానే అన్నయ్య గంట తిప్పేవాడు. ఈయన “ని... నిన్న బ... బ...” అనేవాడు. గంట టిక్కుటిక్కుమంటుంటే నా ప్రాణం పోయేది. రేపు ఎవరైనా నోరు జారి, ఈయన వల్ల ఆలస్యమవుతోంది అంటే? ఎర్ర గడిలో ఒక కాగితం, మర్నాటికి నేల మీద మెరిసే ఇంకో జత మచ్చలు. పైగా అన్నయ్య వంతెన అవతల కొత్త దుకాణం అద్దెకు తీసుకున్నాడు. సన్నటి కొట్టు, పైన ఒక గది, వెలుతురు రాని మెట్లు. అక్కడికి ఎవరు వెళ్తారన్నది తేలలేదు. అందుకే ఆయన రెండో బకారం దాటకముందే నేను అందుకునేదాన్ని. “బన్నులు రెండు వాయిలు తీశారు అన్నయ్యా, ఇవాళ కేకులు, అడ్డేమీ లేదు.” గంట మోగేలోపు ఇద్దరి మాటా ముగించేసేదాన్ని.

స్ప్రింట్ చివర్లో సమీక్ష ఉంటుంది. ఏది బాగుంది, ఏది మార్చుకోవాలి అని మాట్లాడుకోవాలి. ఆ సమీక్షలో అన్నయ్య అన్నాడు, “ఇకనుంచి ఎవరి జవాబు వాళ్ళే ఇవ్వాలి. నోటితో చెప్పలేనివాళ్ళు రాసి ఇవ్వచ్చు, నేను చదువుతాను.” అని నా వైపు చూసి నవ్వాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. “అంటే ఈయన చెప్పలేడనేగా మీ ఉద్దేశం?” అన్నాను.

“నేనలా అనలేదు చెల్లెమ్మా. నువ్వంటున్నావు.”

ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆయనతో చెప్పాను, “ఏం రాస్తారో ముందు నాకు చూపించండి. తేడా వస్తే కొంప మునుగుతుంది.” ఆయన పళ్ళెంలోకి చూస్తూ తలూపాడు. కానీ చూపించలేదు. కొన్నాళ్ళు కాగితాల్లో అడ్డు ఏమీ లేదు అనే ఉండేది. నా గుండె కుదుటపడింది. మా ఆయన తెలివైనవాడు, ఎవరినీ వేలెత్తి చూపడు, ఎవరి కంటా పడడు అనుకున్నాను.

ఒక బుధవారం. అన్నయ్య ఆయన చేతిలోని కాగితం అందుకుని, ఎప్పటిలా చదివాడు. “నిన్న బన్నులు కాల్చాను. ఇవాళ బ్రెడ్డు. అడ్డు...” అక్కడ ఒక్క క్షణం ఆగాడు. “నా మాట నా నోట్లో ఉండగానే ఈవిడ లాగేసుకుంటుంది.”

వదిన నేల చూసింది. అత్తగారు గాజులు సర్దుకున్నారు. అన్నయ్య ఆ కాగితాన్ని ఎర్ర గడిలో అంటించి, ఊడకుండా బొటనవేలితో నొక్కాడు.

“అది కాదు అన్నయ్యా” అన్నాను, “ఆయన ఉద్దేశం ఏంటంటే...”

అందరూ ఒక్కసారిగా నావైపు చూశారు. మా ఆయన కూడా. ఆ చూపులో కోపం లేదు. కోపముంటే నేను వాదించి గెలిచేదాన్ని. గంట మోగింది.

మధ్యాహ్నం ఆయన్ని గోడౌనులో మైదా బస్తాల మధ్య పట్టుకున్నాను. “ఇన్నేళ్ళూ మీకోసమే కదండీ? ఆ మనిషి సంగతి తెలిసీ ఎలా రాశారు? చెప్పండి, నేనేం అనను. వింటాను.”

ఆయన బస్తా మీద కూర్చున్నాడు. నేను నిజంగానే వినాలనుకున్నాను. ఆయన పెదవులు కలిశాయి. “నిన్ను ప... ప...” మెడ నరాలు ఉబ్బాయి. కళ్ళు మూసుకున్నాడు. “ప...”

“పంపించెయ్యమన్నారా?” అన్నాను.

ఆయన కళ్ళు తెరిచాడు. నోరు మూసుకున్నాడు. లేచి, బట్టలకి అంటిన పిండి దులుపుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ పకారం తర్వాత ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు. పొమ్మనబోయాడో, పోనివ్వననబోయాడో, పక్కనే ఉండి వినమనబోయాడో. జీవితంలో మొదటిసారి ఆయన మాట నాకు అందలేదు.

మర్నాడు లేచేసరికి పక్కన ఆయన లేడు. నన్ను లేపకుండా వెళ్ళిపోయాడు. అలా ఎప్పుడూ వెళ్ళలేదు. జుట్టు ముడేసుకుని, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా రోడ్డున పడ్డాను. బేకరీ తలుపు తోశాను. చప్పుడు లేదు. నేను లోపలికి వచ్చినట్టు ఎవరికీ తెలియలేదు.

గుమ్మం పక్కన నా సంచి ఉంది. పైన వంతెన అవతలి దుకాణం తాళంచెవి. లోపల నా చీరలు, నా కళ్ళజోడు, నా ఏప్రన్. ఏప్రన్ ఒక మూల లోపలికి మడిచి ఉంది. వేడి బ్రెడ్డు మీద గుడ్డ కప్పేటప్పుడు మా ఆయన అలా మడుస్తాడు. ఇంకెవరూ అలా మడవరు.

అద్దాల అల్మరా అవతల అందరూ బోర్డు ముందు నిలబడి ఉన్నారు. మా ఆయన పక్కన, నా పాదాలుండే చోట, నేల మెరుస్తోంది. అన్నయ్య గంట తిప్పాడు. మా ఆయన చేతిలో కాగితం లేదు.

“ని... నిన్న...” అన్నాడు. “బ... బ...”

బ్రెడ్డు. నా పెదవులు అప్పటికే కలిశాయి. చేత్తో నోరు గట్టిగా మూసుకున్నాను. ఆయన ఆగాడు, ఊపిరి పీల్చుకున్నాడు, మళ్ళీ మొదలుపెట్టాడు. గంట మోగింది. ఎవరూ కదల్లేదు, ఎవరూ అందించలేదు. ఆయన ఆ బకారాన్ని ఒక్కడే దాటాడు.

“బ్రెడ్డు కాల్చాను. ఇవాళ బ... బన్నులు.”

“అడ్డేమైనా?” అన్నాడు అన్నయ్య.

మా ఆయన గొంతు అలా విని నేను సంతోషించాల్సింది. ఎన్నేళ్ళు మొక్కుకున్నానో దానికోసం. సంతోషం రాలేదు. సంచి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను, ఆయన ఒక్కసారి, ఒకే ఒక్కసారి, మాట తడబడితే బాగుండునని కోరుకుంటూ.

“ఇప్పుడు ఏ అడ్డూ లేదు బావా” అన్నాడు మా ఆయన, గుక్కతిప్పుకోకుండా.

అన్నయ్య నా గురించి రాసిన కాగితాన్ని ఎర్ర గడిలోంచి పీకి అయిపోయినవి గడిలో అంటించాడు. నేను తలుపు తీసుకుని బయటికి వచ్చాను. ఆ తలుపు ఒక్కసారి కిర్రుమన్నా ఆయన వెనక్కి తిరిగి చూసేవాడు.