దుమ్ము గీసిన గది

ఆదివారం పొద్దున టిఫిన్లు ముగిశాక ముగ్గురు మనుషులు ఒక ల్యాప్‌టాప్ రిపేరు షాపులో చేరతారు. షాపు స్క్రూ అక్కది. ఆ పేరు ఆమెకి ఊరికే రాలేదు. ఏ ల్యాప్‌టాప్ విప్పినా ప్రతి స్క్రూనీ అది ఊడొచ్చిన క్రమంలోనే అయస్కాంతపు పళ్లెంలో పేర్చుకుంటుంది, తిరిగి బిగించేటప్పుడు ఒక్కటి కూడా మిగలదు. మనబోటివాళ్లం విప్పి బిగిస్తే ఒకటో రెండో మిగిలిపోతాయి. అవి అక్కర్లేనివే అయ్యుంటాయని మనకి మనమే సర్దిచెప్పుకుంటాం.

మిగతా ఇద్దరిలో ఒకాయన పళ్ల డాక్టరు. సన్నటి పనిముట్లంటే ఆయనకి పిచ్చి. క్లినిక్‌లో అరిగిపోయిన పరికరాలన్నీ తెచ్చి అక్క డ్రాయరు నింపుతుంటాడు. రెండో అతను సిటీ బస్సు డ్రైవరు. ఇతని సంగతి వింటే నవ్వొస్తుంది. పొద్దస్తమానం బస్సు తోలి, సాయంత్రం ఇంటికొచ్చి చొక్కా మార్చుకుని, ల్యాప్‌టాప్ ముందు కూర్చుని గేములో లారీ తోలతాడు. అదైనా తిన్నని రోడ్డు మీదా అంటే కాదు, కొండదారిలో, జోరువానలో. బస్సులో ఉన్నంతసేపూ జనం ప్రాణాలు తన చేతిలో ఉంటాయనీ, లారీలో అయితే బస్తాలే కాబట్టి కాస్త హాయిగా తోలుకోవచ్చనీ అతని వాదన.

వీళ్ల మధ్య ఒక తగువు ఏళ్ల తరబడి నడుస్తోంది. ఆటల కోసమే తయారైన గేమింగ్ ల్యాప్‌టాప్ కొనుక్కోవడం మేలా, పలచటి మామూలు ల్యాప్‌టాప్ కొని దానికి బయటినుంచి, తెర మీద బొమ్మలు నడిపే గ్రాఫిక్స్ కార్డు తగిలించుకోవడం మేలా అన్నది ఆ తగువు. డాక్టరుది మొదటి పక్షం, డ్రైవరుది రెండోది. బల్ల మీద ఒక పెట్టె, పెట్టెలో కార్డు, పెట్టెకీ ల్యాప్‌టాప్‌కీ మధ్య ఒక్కటే కేబుల్, అదీ డ్రైవరు ఏర్పాటు.

"ఒళ్లో పెట్టుకునే వస్తువుకి పక్కన చెప్పుల పెట్టంత పెట్టె, దాని పక్కన కరెంటు డబ్బా. ఇంకేం ల్యాప్‌టాప్ అయ్యా అది? కదపాలంటే ఇల్లు మారినంత పని" అంటాడు డాక్టరు.

"మీదాన్ని ఒళ్లో పెట్టుకుంటే తొడలు కమిలిపోతాయి. పైగా ఆ ఫ్యాను హోరుకి పక్కింటివాళ్లు లేచి కూర్చుంటారు" అంటాడు డ్రైవరు.

డాక్టరు ఊరుకోడు. కార్డు కొన్న కొత్తలో డ్రైవరు మానిటరు వైరుని కార్డుకి పెట్టకుండా ల్యాప్‌టాప్‌కే పెట్టి, ఆట కుంటుతోందని కార్డునీ, దాన్ని చేసినవాళ్లనీ, అమ్మినవాణ్నీ వారం పాటు తిట్టిన సంగతి తవ్వి తీస్తాడు. అంత ఖరీదైన కార్డూ వారమంతా వేడుక చూస్తూ కూర్చుందన్నమాట. స్క్రూ అక్క ఎటూ తీర్పు చెప్పదు. ముందు దుమ్ము దులుపుదాం, తర్వాత కొట్టుకుందురుగాని అంటుంది.

దుమ్ము దులపడానికి ఆ షాపులో ఒక పద్ధతి ఉంది. గాలి కొట్టే మిషను వాడరు. ల్యాప్‌టాప్ లోపలి ఫ్యాను రెక్కని వేలితో ఆపి పట్టుకుని, మెత్తటి బ్రష్షుతో నల్లటి రబ్బరు షీటు మీదికి మెల్లిగా దులుపుతారు. దుమ్ము షీటు మీద పడి, కాసేపు అటూ ఇటూ మెదిలి, ఆ ల్యాప్‌టాప్ వాడే గదిలాగా సర్దుకుంటుంది. అగ్గిపెట్టంత మంచం, గోరంత కిటికీ, అలమారా, మూలన బట్టల కుప్ప. ఫ్యాను తిరుగుతున్నంతసేపూ గదిలో ఏమేం ఉంటాయో అవన్నీ వస్తాయి. రోజూ ఉండేవి చిక్కగా వస్తాయి, ఎప్పుడో ఓసారి ఉన్నవి పలచగా వస్తాయి. మనుషులు మాత్రం రారు. కుదురుగా ఒకచోట ఉండనివాళ్లని దుమ్ము లెక్కలోకి తీసుకోదు.

చూసినవాళ్లు మంచం కిటికీ వైపు జరుపుకుంటే గాలొస్తుందనో, ఆ బట్టలు మడతపెట్టుకోవచ్చు కదా అనో ఒక మాట అంటారు. తర్వాత ఎవరి గదిని వాళ్లే గుడ్డతో తుడిచేస్తారు. ఒకరి గదిని ఇంకొకరు తుడవకూడదన్నది అక్కడి మర్యాద. ఆ మధ్య డాక్టరు ల్యాప్‌టాప్ దులిపితే మంచానికి బదులు రోగులు పడుకునే పళ్ల కుర్చీ వచ్చింది. క్లినిక్‌లో ఆటల జోలికే పోనని ఆయన అంతకుముందే ఘనంగా చెప్పుకుని ఉన్నాడు. నెలరోజులు తలెత్తుకోలేకపోయాడు పాపం.

ఈ ఆదివారం డ్రైవరు ఆలస్యంగా వచ్చాడు. తగువు మొదలుపెట్టలేదు. ల్యాప్‌టాప్ బల్ల మీద పెట్టి, బాగా వేడెక్కుతోంది, ఆడుతూ ఆడుతూ ఆగిపోతోందని మాత్రం చెప్పాడు. ఏమైంది అని డాక్టరు గుచ్చి గుచ్చి అడిగితే అసలు సంగతి బయటికొచ్చింది.

అతని భార్య వాతావరణ కార్యాలయంలో పనిచేస్తుంది. గాలి ఎటునుంచి వీస్తోంది, వాన ఎంత పడింది, మబ్బు ఎంత ఎత్తున ఉంది, ఇవి చూసి రాసి పంపడం ఆమె పని. కొండ మీద ఉన్న కేంద్రానికి ఇన్‌చార్జిగా రమ్మని వానలకి ముందు ఆమెకి కబురొచ్చింది. ఆమె ఏళ్లుగా ఎదురుచూసిన ఉద్యోగం అది. వెళ్లేదీ లేనిదీ రేపు సోమవారం చెప్పెయ్యాలి. కబురొచ్చిన రోజే ఆమె మొగుడికి చెప్పి, ఏం చేద్దామని అడిగింది. బూట్ల లేసులు విప్పుకుంటున్న డ్రైవరు తలెత్తకుండా "నీ ఇష్టం" అన్నాడు. ఆమె దారికి అడ్డం పడకూడదనే అన్నాడు. ఆమె లేకుండా ఉండలేనని తెలిసినా, మంచి మొగుడు అనాల్సిన మాట అదేననుకున్నాడు. ఆమె "సరే" అని లోపలికి వెళ్లిపోయింది. అంతే, మళ్లీ ఆ ఇంట్లో ఆ ఊసు లేదు. పాల గురించీ కరెంటు బిల్లు గురించీ తప్ప మాటల్లేవు. సాయంత్రం కాగానే అతను చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని లారీ ఎక్కేస్తున్నాడు.

"వెళ్తుంది. ఎప్పుడో నిర్ణయించేసుకుంది" అన్నాడు డ్రైవరు. "నేనున్నా లేకపోయినా ఒకటే తనకి."

డాక్టరుకి ఏం చెయ్యాలో తోచక, పోనీలే ఇల్లంతా నీదే, ఇంకో రెండు పెట్టెలు పెట్టుకోవచ్చని నవ్వించబోయాడు. ఎవరూ నవ్వలేదు. తనకీ నవ్వు రాలేదు.

అక్క ఈలోగా ల్యాప్‌టాప్ విప్పింది. చిప్పుల మీద వేడిని లాగడానికి మెత్తటి రబ్బరు ముక్కల్లాంటి ప్యాడ్లు పెడతారు. వానలకి ముందు డ్రైవరు వాటిని తనే మార్చుకున్నాడు. కొత్త ప్యాడ్‌కి రెండు వైపులా పలచటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, రెండూ ఒలిచి పెట్టాలి. అతను కింది పొర ఒలిచాడు, పైది మర్చిపోయాడు. సొంతంగా విప్పుకునే ప్రతివాడూ జన్మలో ఒకసారి చేసే తప్పే ఇది. కంటికి కూడా ఆనదు. అక్క పట్టకారుతో ఆ పొరని లాగి పక్కన పడేసింది. తర్వాత బ్రష్షు తీసుకుంది.

ప్యాడ్లు మార్చిన రోజే అతను ఫ్యానుని కూడా బాల్కనీలో శుభ్రం చేసుకున్నాడు. కాబట్టి ఇప్పుడు రాలిపడేదంతా ఆ తర్వాత చేరిన దుమ్మే. కబురొచ్చింది కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే.

దుమ్ము షీటు మీద సర్దుకుంది. గోడకి ఆనించిన బల్ల, బల్ల మీద కార్డు పెట్టె, దాని ముందు కుర్చీ. కుర్చీ వీపు తలుపు వైపు ఉంది. అంతా అతని గదే. అయితే కుర్చీకి వెనకాల, తలుపుకి కాస్త ఇవతల, ఒక స్టూలు ఉంది.

"ఇది మా గది కాదక్కా" అన్నాడు డ్రైవరు. "మా గదిలో స్టూలు లేదు."

"ఇంట్లో ఉందా?"

ఉంది. వంటగదిలో ఉంటుంది, పై అర అందుకోవడానికి. పొద్దున కూడా అక్కడే చూశాడు. రాత్రి పడుకోబోయే ముందు కూడా అక్కడే చూస్తాడు. కానీ షీటు మీద స్టూలు పలచగా లేదు. బల్ల ఎంత చిక్కగా వచ్చిందో అదీ అంతే చిక్కగా వచ్చింది.

డాక్టరు నెత్తి మీది భూతద్దాలు కళ్ల మీదికి దించుకుని వంగి చూశాడు. స్టూలు ముందు, నేల మీద, రెండు చిన్న ఖాళీలు ఉన్నాయి. చుట్టూ దుమ్ము పడింది, ఆ రెండు చోట్లా పడలేదు. పక్కపక్కనే ఉన్నాయి.

"ఎవరో రోజూ వచ్చి కూర్చుంటున్నారయ్యా" అన్నాడు మెల్లిగా. "పాదాలు నీ వైపే ఉన్నాయి."

ఆ ఇంట్లో ఉండేది ఇద్దరే. డ్రైవరు రోజంతా అద్దాల్లో వెనక ఎవరున్నారో చూసుకుంటూ బండి నడిపే మనిషి. ఫుట్‌బోర్డు మీద ఒక కాలు ఉన్నా బస్సు కదిలించడు. అలాంటివాడు ఇంట్లో తన వీపు వెనక ఒక మనిషి ఇన్ని సాయంత్రాలు కూర్చుని లేచి వెళ్లిపోతుంటే చూసుకోలేదు. సిగ్గేసింది. సిగ్గుకంటే ఎక్కువగా, ఆమె అలా ఎలా కూర్చుని ఉంటుందోనన్న ఆలోచన తొలిచింది.

ఇంటికెళ్లి నేరుగా అడిగెయ్యమన్నాడు డాక్టరు. డ్రైవరు తల అడ్డంగా ఊపాడు. అడిగితే, ఎందుకు కూర్చుంటాను, పనిలేకనా అంటుంది, రేపట్నుంచి కూర్చోవడం మానేస్తుంది. ఆమె అతనికి తెలుసు కదా. గుడ్డ తీసుకున్నాడు. ముందు బల్ల తుడిచాడు, తర్వాత కుర్చీ తుడిచాడు. స్టూలు తుడవడానికి మాత్రం చెయ్యి రాలేదు. అక్క తొందరపెట్టలేదు. ఆ మూల అలాగే ఉంచుకుని, మిగతా జాగాలో ల్యాప్‌టాప్ బిగించి ఇచ్చింది.

ఆ సాయంత్రం అతను ఎప్పటిలాగే బల్ల ముందు కూర్చున్నాడు. కేబుల్ గుచ్చాడు, కార్డు పెట్టెలో లైటు వెలిగింది. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. సౌండు మాత్రం పూర్తిగా తీసేశాడు. తెర మీద వాన మొదలైంది, లారీ కొండ ఎక్కడం మొదలుపెట్టింది. అతని చూపు రోడ్డు మీదుంది, ప్రాణమంతా వీపులో ఉంది.

కాసేపటికి వంటగదిలో కదలిక. స్టూలు ఈడ్చిన చప్పుడు రాలేదు. ఎత్తి తెచ్చిందన్నమాట. వెనకాల నేల మీద నాలుగు కాళ్లూ ఒక్కటొక్కటిగా ఆనిన సవ్వడి వినిపించింది. తర్వాత ఒక నిట్టూర్పు. తర్వాత ఆమె మాట్లాడింది.

ఎదురుగా కూర్చుని వింటున్న మనిషితో మాట్లాడినంత మామూలుగా మాట్లాడింది. పొద్దున గాలి మళ్లిందనీ, రేపు వాన ఉండొచ్చనీ, గొడుగు తీసుకెళ్లమంటే తీసుకెళ్లవనీ చెప్పింది. కొత్తగా చేరిన అమ్మాయి లెక్కలు తప్పు రాసి ఏడ్చిందనీ, తను ఊరుకోబెట్టిందనీ చెప్పింది. తెర మీద మలుపు వచ్చింది.

"ఇక్కడ రోజూ గేరు ఆలస్యంగా మారుస్తావు" అంది.

అతను గేరు మార్చాడు.

"రేపు వెళ్లనని చెప్పేస్తాను" అంది ఆమె. "నువ్వు వద్దంటే పోట్లాడి వెళ్లేదాన్ని. నేనూ వస్తానంటే ఎగిరి గంతేసి వెళ్లేదాన్ని. నీ ఇష్టం అన్నావు. నా ఇష్టం నాకు తెలీదా? నీది ఏమిటో తెలుసుకుందామనే కదా అడిగాను."

అతని చేతులు జారాయి. లారీ రోడ్డు దిగి, కంచె తోసుకుని, తాపీగా లోయలోకి దొర్లింది.

"అదిగో, పడేశావు" అంది ఆమె.

అతను హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి, కుర్చీతో సహా వెనక్కి తిరిగాడు. ఆమె అప్పటికే సగం లేచి స్టూలు చేత్తో పట్టుకుంది, దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు.

"సౌండు పెట్టలేదు" అన్నాడు.

ఆమె ముఖం ఎర్రబడింది. "ఎన్నాళ్లుగా?"

"ఇవాళే." అతను కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "కొండ మీది డిపోకి డ్రైవర్లెవరూ వెళ్లరు. నేను అడిగితే కాదనరు. నువ్వు ఆ ఉద్యోగంలో చేరాలి, నేను నీతో రావాలి. అదీ నా ఇష్టం."

"ఈ ముక్క చెప్పడానికి ఇన్నాళ్లూ నోరు పెగల్లేదా?" అంది ఆమె. కోపంగానే అంది. కళ్లు మాత్రం నిండిపోయాయి. అతను లేచి ఆమె చేతిలోని స్టూలు తీసుకుని తన కుర్చీ పక్కన వేశాడు. ఆమె కూర్చుంది. తెర మీద లారీ తిరగబడి ఉంది, చక్రాలు ఇంకా తిరుగుతున్నాయి.

"ఇవాళ్టివి విన్నాను" అన్నాడు అతను. "మిగతావన్నీ మొదటి రోజు నుంచి మళ్లీ చెప్పు."

"అన్నీ ఎక్కడ గుర్తుంటాయి?" అంది. "మొదటి రోజైతే నిన్ను నానా తిట్లూ తిట్టాను."

"సరే, అక్కణ్నించే మొదలుపెట్టు" అన్నాడతను.